మూలం మారితే టీకా మారాలి

టీకా అనే మాట తెలుగులో రెండు పనులు చేస్తుంది. పండితుల నోట అది వ్యాఖ్యానం. ప్రజల నోట అది రోగం రాకుండా వేసే సూది. మొదటిది సంస్కృతం నుంచి నేరుగా వచ్చింది. రెండోది ఉత్తరాది భాషల నుంచి, బొట్టు అనే అర్థంతో వచ్చి, మశూచి నివారణకు భుజం మీద పెట్టే గాటుకు పేరైందంటారు. ఈ రెండు మాటలకూ పుట్టుకలో చుట్టరికం వున్నా లేకపోయినా, 2020 తర్వాతి చరిత్ర వాటిని ఒకచోటికి చేర్చింది. మూలగ్రంథంలో పాఠం మారితే పాత వ్యాఖ్యానం కొంతవరకే అక్కరకు వస్తుంది. వైరసు మారితే పాత టీకా సంగతీ అంతే.

వైరసు ఎలా మారుతోందో కనిపెట్టడం, ఆ మార్పుకు తగినట్టు టీకాను దిద్దడం ప్రయోగశాలల పని అని మనం అనుకుంటాం. ఆ పని అక్కడ జరిగే మాట నిజమే. కాని ఎవరి జబ్బు పరీక్షకు ఎక్కుతుంది, కొత్తగా కనిపించిన రకాన్ని ఎవరి వూరి పేరుతో పిలుస్తారు, దిద్దిన టీకా ఎవరి భుజానికి చేరుతుంది, ఎవరి భుజానికి చేరదు? ఇవి ప్రయోగశాల తేల్చే ప్రశ్నలు కావు. ఇవి సాంఘిక చరిత్రకు సంబంధించిన ప్రశ్నలు. వాటిని గోపాల్‌పేట నుంచి అడగాలని నా ప్రయత్నం.

గోపాల్‌పేట నుంచే ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నేను ఆ వైపువాణ్ణి కావడం ఒక కారణమే గాని, అదొక్కటే కాదు. నైజాము కాలంలో గద్వాల, వనపర్తి, కొల్లాపురంలాగే గోపాల్‌పేట కూడా ఒక సంస్థానం. సంస్థానాలు పోయి డెబ్బయ్యేళ్లు దాటింది. 2016లో వనపర్తి జిల్లా అయినప్పుడు గోపాల్‌పేట అందులో ఒక మండలంగా మిగిలింది. సంస్థానాల చరిత్ర రాసినవారు రాజుల వంశావళులూ, వారు పోషించిన కవుల పేర్లూ రాశారు. గద్వాలను విద్వద్గద్వాల అన్నారు. ఈ నేల మీదనుంచే వచ్చిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువరించి, చరిత్ర అంటే రాజుల కథ కాదనీ, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఎలా బతికారన్నదే చరిత్ర అనీ చూపించారు. ఆ చూపుతో చూస్తే ఈ ప్రాంతపు ముఖ్యమైన చారిత్రక సత్యం సంస్థానం కాదు, వలస. పాలమూరు కూలీ దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టి మోశాడు. బొంబాయి, పుణె నగరాల మేడలకు ఇటుకలెత్తాడు. అంటువ్యాధి చరిత్రా, మనుషుల రాకపోకల చరిత్రా విడదీయరానివి గనుక, ఈ ప్రశ్నలు అడగడానికి గోపాల్‌పేట తగిన చోటే.

మన ప్రజల మనసులో టీకా గురించి వున్న అభిప్రాయం మశూచి నాటిది. 1802లో జెన్నరు టీకా బాగ్దాదు, బస్రాల మీదుగా, ఒకరి చేతి పుండు నుంచి మరొకరి చేతికి ఎక్కించుకుంటూ బొంబాయి చేరింది. ఆనాటి నుంచి 1970ల దాకా మన దేశంలో మశూచి మీద ప్రయోగించింది ఆ జాతి టీకానే. మశూచి వైరసు మార్పుల విషయంలో మహా మందకొడి. దాన్ని నూటయేభై యేళ్లు వెంటాడినా టీకాను దిద్దవలసిన అవసరం రాలేదు. 1977లో భారతదేశం మశూచి నుంచి విముక్తమైనట్టు తేలింది. 1980లో ప్రపంచమంతా విముక్తమైనట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మా వైపు డెబ్బయ్యేళ్లవారి భుజం మీద ఆ మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది. పోచమ్మ గుడికి బోనం ఎత్తిన చేతి మీదే ఆ మచ్చ వుండడం చూసి నవ్వేవాళ్లుంటారు. నేను నవ్వను. జనం రెండు దారులూ పట్టారు. వాటిలో ఒక దారి రోగాన్ని భూమి మీద లేకుండా చేసింది.

కాబట్టి 2022లో మూడో డోసు మాట వచ్చినప్పుడు "రెండుసార్లు ఏసుకుంటిమి గద, మల్ల ఎందుకు?" అని పల్లెల్లో అడిగినవారిది మూఢత్వం కాదు. మారని శత్రువుతో పోరాడి గెలిచిన అనుభవం అడిగించిన ప్రశ్న అది. మారే శత్రువు సంగతి వారికి ఎవరూ విడమరచి చెప్పలేదు.

మారే వైరసు కథ శాస్త్రజ్ఞులకు కరోనాతో మొదలు కాలేదు. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా మన దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. దానికి కారణమైన జాతి వైరసును మనుషుల నుంచి వేరు చేయడం 1933లో గాని లండనులో సాధ్యం కాలేదు. 1940లలో అమెరికాలో టీకా తయారైంది. కాని 1947లో వచ్చిన వైరసు ముందు ఆ టీకా దాదాపు నిష్ఫలమైంది. టీకాలో లోపం లేదు. వైరసు పైతొడుగు మారింది. ఈ పాఠం నేర్చుకున్న తర్వాతనే 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశదేశాల ప్రయోగశాలలను కలిపి ఇన్‌ఫ్లూయెంజా నిఘా ఏర్పాటు చేసింది. మన దేశంలో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ఆ పనిలో వుండేది. ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు నిపుణులు కూర్చొని, రాబోయే కాలానికి టీకాలో ఏ రకం వుండాలో నిర్ణయిస్తారు.

1957లో ఆ ఏర్పాటుకు పెద్ద పరీక్ష వచ్చింది. ఏప్రిల్‌లో హాంకాంగ్‌లో జనం బారులు తీరి ఆస్పత్రులకు పోతున్న వార్త పత్రికలో చదివి, మారిస్ హిల్మన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు నమూనా తెప్పించి, అది కొత్త రకమని తేల్చి, కంపెనీలచేత టీకా చేయించాడు. ఆ ఏడు ముగిసే నాటికి నాలుగు కోట్ల డోసులు తయారయ్యాయి. మెచ్చుకోదగిన పని. అయితే ఆ వైరసు అదే ఏడాది మే నెలలో సింగపూరు నుంచి వచ్చిన ఓడలో మద్రాసు రేవున దిగి దేశమంతా వ్యాపించింది. ఆ నాలుగు కోట్ల డోసులు ఉద్దేశించింది అమెరికా ప్రజలకు. వ్యాధి ఆసియాలో పుట్టింది, నమూనా ఆసియా నుంచి వెళ్లింది, టీకా ఆసియాకు రాలేదు. అరవై యేళ్ల తర్వాత జరగబోయేదానికి ఇది పూర్వరంగం.

ఇక కరోనా. 2019 డిసెంబరులో చైనాలోని వూహాన్‌లో బయటపడ్డ ఈ వైరసు జన్యుక్రమాన్ని చైనా శాస్త్రజ్ఞుడు ఝాంగ్ యాంగ్‌ఝెన్ బృందం 2020 జనవరి 11 నాటికి లోకానికి బహిరంగపరిచింది. దాదాపు ముప్పై వేల అక్షరాల గ్రంథం అది. టీకాల తయారీ ఆ అక్షరాలను చూసే మొదలైంది. మన తాళపత్రాల చరిత్ర తెలిసినవారికి దాని తర్వాతి కథ సులభంగా అర్థమవుతుంది. వైరసు మన కణంలో చేరి తన గ్రంథానికి ప్రతులు రాయిస్తుంది. లేఖకుడు అక్కడక్కడ తప్పు రాస్తాడు. కరోనా జాతి వైరసులకు ప్రూఫు దిద్దే ఏర్పాటు కొంత వుంది గనుక ఆ తప్పులు ఇన్‌ఫ్లూయెంజాకన్న తక్కువ. అయినా ఒక్కొక్క శాఖలో నెలకు సుమారు రెండు అక్షరాలు మారుతూ పోతాయి. చాలా మార్పులకు ఏ అర్థమూ వుండదు. ఏ ఒక్కటో వైరసు మన కణానికి అతుక్కునే ముల్లులో పడి, మరింత గట్టిగా అతుక్కునేటట్టుగానో, మన శరీరం గుర్తుపట్టకుండానో చేస్తే ఆ ప్రతి నిలుస్తుంది, తక్కినవి వెనకబడతాయి. ఇందులో వైరసు తెలివీ లేదు, పగా లేదు. తప్పు యాదృచ్ఛికం, నిలవడం పరిస్థితుల ఫలితం. మన పత్రికలు వైరసును 'మాయావి' అనీ 'రక్కసి' అనీ రాశాయి. ఆ అలంకారాలు డార్విను ఏనాడో తొలగించిన పొరను మళ్లీ కళ్లకు కప్పాయి.

వేమన పద్యాలకు బ్రౌను దొర ఎన్నో ప్రతులు సేకరించి పక్కపక్కన పెట్టి చూశాడు. ప్రతులను పరిష్కరించేవారికి ఒక సూత్రం తెలుసు: రెండు ప్రతుల్లో ఒకే తప్పు ఒకేచోట వుంటే, అవి రెండూ ఒకే మాతృక నుంచి దిగినవి. వైరసు శాఖలను గుర్తించే పద్ధతి సరిగ్గా ఇదే. అందుకే 'వేరియంట్' అన్న మాటకు తెలుగులో పాఠాంతరం అన్నంత దగ్గరైన మాట మరొకటి లేదు. అయితే పరిష్కర్త పని ప్రతులు దొరకడం మీద ఆధారపడుతుంది. ఏ వూరి ప్రతి అతని బల్ల మీదికి రాదో, ఆ వూరి పాఠం లేనట్టే లెక్క.

మన రాష్ట్రంలో ఈ పరిష్కర్తల పని చేసింది హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రీయ దృక్పథం కోసం జీవితమంతా వాదించిన పుష్ప మిత్ర భార్గవ 1977లో నెలకొల్పిన సంస్థ అది. 2020 నడిమిలో అక్కడి శాస్త్రజ్ఞులు, ఇతర సంస్థలవారితో కలిసి, భారతదేశంలో బాగా కనిపిస్తున్న ఒక ప్రత్యేక శాఖను గుర్తించి దానికి ఏ3ఐ అని పేరు పెట్టారు. కొద్ది నెలల్లో, ముల్లులో డి614జి అనే మార్పు వున్న శాఖ ప్రపంచమంతటా ముందుకొచ్చినట్టే ఇక్కడా ముందుకొచ్చి దాన్ని తోసేసింది. ఆగస్టులో అదే సంస్థ, ఐ.ఐ.సి.టి. కలిసి హైదరాబాదు మురుగునీటిని పరీక్షించి, నగరంలో రోగం ఎంత పాకిందో అంచనా కట్టాయి. 2020 డిసెంబరు 30న కేంద్రం పది ప్రయోగశాలలను కలిపి ఇన్సాకాగ్ అనే కూటమిని ఏర్పాటు చేసింది. ఆ పదింటిలో రెండు, సి.సి.ఎం.బి., సి.డి.ఎఫ్.డి., హైదరాబాదువే. పాజిటివ్ వచ్చిన నమూనాల్లో నూటికి అయిదింటి జన్యుక్రమం చూడాలన్నది మొదటి సంకల్పం.

ఈ నమూనాలు ఎక్కడివి? సహజంగా అవి విమానాశ్రయాలవి, పెద్ద ఆస్పత్రులవి, ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్ష చేసే ల్యాబులవి. పల్లెలో జరిగింది వేరు. 2021 మేలో తెలంగాణలో ఆశా కార్యకర్తలూ ఏ.ఎన్.ఎం.లూ ఇల్లిల్లూ తిరిగి జ్వరం సర్వే చేశారు. లక్షణాలున్నవారి చేతికి మందుల కిట్టు ఇచ్చి ఇంటి దగ్గరే వుండమన్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చాలావరకు జరిగింది ర్యాపిడ్ పరీక్ష. అది పావుగంటలో వుందో లేదో చెబుతుంది. రోగికి తక్షణం కావలసింది అదే గనుక దాన్ని తప్పుపట్టలేం. కాని ఆ పట్టీతో వ్యవహారం ముగుస్తుంది. నమూనా చల్లని పెట్టెలో హైదరాబాదు పోదు. దాని అక్షరాలు ఎవరూ చదవరు. మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో దేశంలోనే మేటి ప్రయోగశాల వున్నా, పల్లె జ్వరానికి పాఠం లేకుండా పోవడానికి కారణం విజ్ఞానం లేకపోవడం కాదు, దారి లేకపోవడం.

పల్లె కనిపించింది వేరే సందర్భంలో, నేరస్థురాలిగా. తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. రోగం వచ్చిన దారి విమానం దారి. అయినా మార్చి 24 రాత్రి దేశం మూతపడగానే శిక్ష పడింది నడిచివచ్చేవారికి. బొంబాయి, పుణెల నుంచి ఇళ్లకు మళ్లిన కూలీలను వూరిబయటి బడుల్లో వుంచారు. 'బొంబాయి నుంచి వచ్చిండు' అన్న మాట ఒక రోగ లక్షణమైంది. కొన్ని రోజులు విడిగా వుంచడం అవసరమే. వారిని అనుమానించినంత శ్రద్ధతో వారి నమూనాలను చదివివుంటే, మహారాష్ట్రకూ పాలమూరుకూ మధ్య ఏ శాఖలు ఎప్పుడు నడిచాయో ఇవాళ మనకు తెలిసేది. అనుమానం ఖర్చులేనిది. విజ్ఞానానికి ఖర్చవుతుంది.

పేరు పెట్టడంలోనూ ఇదే అన్యాయం. 2020లో ముల్లులో ఎన్440కె అనే మార్పు వున్న వైరసు ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కర్నూలు నమూనాల్లో కనిపించింది. అది పాత్రలో పెంచిన కణాల్లో కొన్ని ఇతర శాఖలకన్న బాగా పెరుగుతున్నదని సి.సి.ఎం.బి. వారి ప్రయోగం చెప్పింది. 2021 మే నాటికి ఈ సంగతి 'కర్నూలు వేరియంట్', 'ఏపీ వేరియంట్' అనే భయంకరమైన వార్తగా మారింది, రాజకీయ వివాదమై పోలీసు కేసు దాకా పోయింది. పాత్రలోని కణాలు మనుషులు కావనీ, ఆ శాఖ అప్పటికే తగ్గుముఖం పట్టి, మహారాష్ట్రలో మొదట కనిపించిన బి.1.617 శాఖ దాని స్థానం ఆక్రమిస్తున్నదనీ శాస్త్రజ్ఞులు చెబుతూనే వున్నారు. ఆ మాట శీర్షికలకు ఎక్కలేదు.

అదే నెలలో గద్వాల జిల్లా పుల్లూరు టోల్‌గేటు వద్ద జరిగిన ఘటన మనం మరచిపోగూడనిది. కర్నూలు వైపు నుంచి హైదరాబాదు ఆస్పత్రులకు పోతున్న కోవిడు రోగుల అంబులెన్సులను, హైదరాబాదులో పడక ముందుగా ఖాయమైనట్టు అనుమతి లేదని తెలంగాణ పోలీసులు ఆపారు. ప్రాణాలు పోయినట్టు వార్తలు వచ్చాయి. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఆ రోజుల్లో హైదరాబాదులో పడకల కరువు నిజం. అయితే తుంగభద్రకు ఇవతల అలంపురం, గద్వాల వైపు పల్లెలవారు తరాలుగా పెద్ద జబ్బు చేస్తే పరుగెత్తేది నదికి అవతలి కర్నూలు పెద్దాస్పత్రికి. మన రోగులను చేర్చుకున్న వూరి రోగులను మన గుమ్మంలో ఆపాం. పక్క వూరి పేరు రోగానికి పెట్టడం మొదలైతే, ఆ వూరి మనిషి రోగంలాగే కనిపిస్తాడు. వేరియంట్లను దేశాల పేర్లతో, వూళ్ల పేర్లతో పిలవవద్దని 2021 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్రీకు అక్షరాలు ఇచ్చింది. బి.1.617.2 డెల్టా అయింది. ఆ నిర్ణయంలోని వివేకం పుల్లూరు గేటును చూసినవారికి తెలుస్తుంది.

పల్లెకు జరిగినదే పెద్ద ఎత్తున ఒక ఖండానికి జరిగింది. 2021 నవంబరు 24న దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు ముల్లులో ముప్పైకి పైగా మార్పులున్న కొత్త రకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేశారు. రెండు రోజుల్లో దానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టారు. ఆ ముందుచూపుకు ప్రతిఫలంగా సంపన్న దేశాలు దక్షిణాఫ్రికా విమానాలను ఆపేశాయి. దాచినవాడికి కాక చెప్పినవాడికి శిక్ష పడితే, రేపు ఎవరు చెబుతారు? నిఘా అనేది నమ్మకం మీద నిలిచే వ్యవస్థ. నిజం చెప్పిన దేశానికి విమానాలు ఆపినా, జ్వరం వుందని చెప్పిన కూలీకి పని ఆపినా, రెండుచోట్లా తెగేది ఆ నమ్మకమే.

ఇప్పుడు టీకా వైపు చూద్దాం. ప్రపంచపు టీకాల్లో గొప్ప వాటా తయారయ్యే నగరాల్లో హైదరాబాదు ఒకటి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వేరుచేసి ఇచ్చిన వైరసును చంపి, భారత్ బయోటెక్ కోవాగ్జిన్ తయారు చేసింది. 2021 జనవరి 3న దానికి అత్యవసర అనుమతి దొరికింది. హైదరాబాదువారిదే అయిన బయలాజికల్ ఇ. కంపెనీ, వైరసు ముల్లులో కణానికి అంటుకునే భాగాన్ని ఈస్టులో పెంచి కార్బెవాక్స్ తయారు చేసింది. దాని మూల విద్య అమెరికాలోని టెక్సాస్‌లో పీటర్ హోటెజ్, మరియా ఎలీనా బొటాజీ అనే శాస్త్రజ్ఞులది. వారు దాని మీద పేటెంటు తీసుకోలేదు. 2021 డిసెంబరు 28న అనుమతి వచ్చిన ఆ టీకాను 2022 మార్చి 16 నుంచి 12-14 ఏళ్ల పిల్లలకు వేశారు. విజ్ఞానాన్ని అమ్మకుండా పంచితే ఏమవుతుందో దానికి ఇది చక్కని ఉదాహరణ.

ఈ టీకాలన్నీ తొలినాటి వైరసును చూసి చేసినవి. కోవాగ్జిన్ మూడో దశ పరీక్షల్లో, లక్షణాలతో కూడిన జబ్బు నుంచి మొత్తం మీద 77.8 శాతం రక్షణ కనిపించగా, డెల్టా మీద 65.2 శాతం కనిపించింది. ఒమిక్రాన్ వచ్చాక ఏ పాత టీకా కూడా రోగం అంటకుండా ఆపడంలో పెద్దగా నిలవలేదు, ప్రాణాపాయం నుంచి కాపాడడంలో మాత్రం చాలావరకు నిలిచింది. అప్పుడు టీకాను దిద్దే పని మొదలైంది. 2022 ఆగస్టులో బ్రిటనూ తర్వాత అమెరికా ఒమిక్రాన్‌ను చేర్చిన జంట టీకాలకు అనుమతినిచ్చాయి. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఎక్స్.బి.బి.1.5 వంటి రకంతోనూ, 2024 ఏప్రిల్‌లో జె.ఎన్.1తోనూ టీకా చేయమన్నారు. 2025 మేలో జె.ఎన్.1 లేదా కె.పి.2 చాలుననీ, ఎల్.పి.8.1 కూడా తగినదేననీ చెప్పారు. ఇన్‌ఫ్లూయెంజాకు డెబ్బయ్యేళ్లుగా సాగుతున్న పద్ధతే ఇక్కడా స్థిరపడింది.

ఆ దిద్దిన టీకా గోపాల్‌పేటకు వచ్చిందా? రాలేదు. 2022 జూలై 15 నుంచి డెబ్బయి అయిదు రోజులు పెద్దలందరికీ మూడో డోసు ఉచితంగా వేశారు. వేసింది తొలినాటి రకమే. 2023 జూన్‌లో పుణెలోని జెనోవా కంపెనీ ఒమిక్రాన్ కోసం చేసిన ఎం.ఆర్.ఎన్.ఏ. టీకాకు అనుమతి దొరికింది. దేశంలో ఆ శక్తి వుందని అది రుజువు చేసింది గాని, ప్రజా కార్యక్రమంగా పల్లెలకు రాలేదు. 2022లోనే సి.సి.ఎం.బి.లో ఎం.ఆర్.ఎన్.ఏ. టీకా విద్యను సొంతంగా సాధించారు. విద్య వుంది, కర్మాగారం వుంది, మారిన పాఠం ఏమిటో తెలుసు. అయినా దిద్దిన టీకా లేదు.

దీనికి చెప్పే సమాధానం ఒకటే: గిరాకీ లేదు. ఈ సమాధానాన్ని పరిశీలించాలి. 2021 మే నెలలో ఒకే కోవిషీల్డుకు కేంద్రానికి 150 రూపాయలు, రాష్ట్రాలకు 300, ప్రైవేటు ఆస్పత్రులకు 600 అని మూడు ధరలు పలికాయి. కోవాగ్జిన్ ప్రైవేటు ధర 1,200. అప్పుడు గిరాకీ విపరీతం, సరుకు లేదు. జూన్ 21 నుంచి కేంద్రమే కొని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక టీకా పల్లెలకు నడిచింది. అంటే పల్లెకు టీకాను చేర్చింది ఏనాడూ గిరాకీ కాదు, ప్రభుత్వ నిర్ణయం. మశూచిని తరిమింది కూడా గిరాకీ కాదు. బజారు సూత్రాన్ని అవసరమైనప్పుడు పక్కనపెట్టి, అవసరం లేదనుకున్నప్పుడు చూపించడం న్యాయం కాదు. ఇదే బజారు సూత్రం ప్రపంచస్థాయిలోనూ పనిచేసింది. టీకాల పేటెంట్లను తాత్కాలికంగా సడలించమని భారతదేశం, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరులో ప్రపంచ వాణిజ్య సంస్థను కోరితే, 2022 జూన్ దాకా నాన్చి, అడిగినదానిలో కొద్దిభాగం ఒప్పుకున్నారు. అప్పటికి డెల్టా వచ్చిపోయింది.

ఒక ఆక్షేపణకు జవాబు చెప్పవలసి వుంది. అందరూ ఒకటి రెండుసార్లు జబ్బుపడ్డారు, టీకాలూ వేసుకున్నారు, ఇప్పుడు దిద్దిన టీకా నిజంగా అవసరమా? తట్టు వైరసు కూడా కరోనాలాగే ఆర్.ఎన్.ఏ. వైరసే, అయినా 1960ల నాటి టీకా ఇవాళ్టికీ దానికి సరిపోతున్నది గదా? ఇది సరైన ప్రశ్న. ప్రతి మార్పుకూ ప్రతివారికీ ప్రతి ఏడాదీ సూది కావాలని నేను అనడం లేదు. శాస్త్రం కూడా అనడం లేదు. వయసు మళ్లినవారూ, గుండె, కిడ్నీ జబ్బులవారూ, రోగనిరోధక శక్తి తగ్గినవారూ ముందు వరసలో వుండాలన్నది 2023 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న క్రమం. మా పల్లెల్లో ఇళ్లలో మిగిలింది ఎవరు? పనికి పోగలిగినవారు బొంబాయి పోతే, ఇల్లు కాపాడుతూ పిల్లల్ని చూసుకుంటున్నది ఆ ముసలివాళ్లే. శాస్త్రం ముందు వరసలో నిలబెట్టినవారిని వ్యవస్థ చివరి వరసలో నిలబెట్టింది. కావాలా వద్దా అని తేల్చడానికైనా ఏ రకం తిరుగుతున్నదో తెలియాలి గదా. 2025 మేలో దేశంలో కేసులు కొద్దిగా పెరిగి, ఎన్.బి.1.8.1, ఎల్.ఎఫ్.7 అనే పేర్లు వినబడ్డాయి. ఆ పేర్లలో పల్లె జ్వరాల వాటా ఎంత?

ఈ చరిత్ర నుంచి నేను గ్రహించేది ఇది. వైరసు మార్పును కనిపెట్టడమూ, టీకాను మార్చడమూ ఒక గొలుసు. దానికి ఒక కొన పల్లెలో తీసే నమూనా, రెండో కొన పల్లెకు వచ్చే సూది. నడుమ వున్న లంకెలన్నీ, సి.సి.ఎం.బి. నుంచి జెనీవా దాకా, బాగా మెరుగెక్కాయి. తెగివున్నవి రెండు కొనలు మాత్రమే. ఆ రెండు కొనలూ ఒకేచోట వున్నాయి. 2022 నవంబరులో వనపర్తిలో, నాగర్‌కర్నూలులో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. వాటి ల్యాబుల్లో వారానికి కొన్ని జ్వరం నమూనాలు తీసి హైదరాబాదు పంపడం, పట్టణపు మురుగునీటిని చూడడం భరించలేని ఖర్చేమీ కాదు. నమూనా పోవడమే కాక, ఫలితం తిరిగి ఆ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రావాలి. ఇల్లిల్లూ తిరిగిన ఆశా కార్యకర్తకు తను మోసినది ఏ రకపు రోగమో తెలుసుకునే హక్కు వుంది.

రచయితలుగా మనకు కూడా ఇందులో పని వుంది. వలస కూలీల నడక మీద కన్నీటి కవితలు చాలా వచ్చాయి. అవి రావలసినవే. కాని కన్నీరు ఆరిన తర్వాత కూడా చెప్పవలసింది మిగిలివుంది: పరీక్ష పట్టీ ఎక్కడ ఆగిపోయింది, టీకా ధర ఎవరు నిర్ణయించారు, పుల్లూరు వద్ద అంబులెన్సును ఆపిన ఉత్తర్వు ఎవరిది అన్న ప్రశ్నలు. ఈ అంటువ్యాధి సాంఘిక చరిత్ర ఇంకా రాయలేదు. చూసినవారు బతికివుండగానే దాన్ని రాసుకోవాలి. ఎందుకంటే వైరసు తన ప్రతులు రాయడం మానలేదు.